టెక్సాస్ మారుమూల కౌంటీలో ఒక ట్రాఫిక్ టికెట్టు: నా అనుభవం

డాలస్ పరిసరాల్లో ఉండే తెలుగువాళ్ళు కారులో కొలరాడో వైపు బయలుదేరితే మామూలుగా పట్టుకునే దారి యూఎస్ 287. ఫోర్ట్‌వర్త్ దాటిన తరువాత డెకటర్, బోవీ, విచిటా ఫాల్స్, వెర్నన్, క్వానా, చిల్డ్రెస్, క్లారెండన్ మీదుగా అది అమరిల్లో చేరుతుంది. పత్తి చేలూ గాలిమరలూ తప్ప పెద్దగా ఏమీ కనబడని ఆ దారిలో చాలాచోట్ల గంటకు 75 మైళ్ళ వేగం చట్టబద్ధమే. అయితే ఊరు దగ్గర పడగానే ఆ 75 కాస్తా 55 అవుతుంది, ఆ వెనుకే 45, ఊరి నడుమ 35. పోలీసు కారు ఎక్కడైనా కాపు కాసి ఉంటే ఆ బోర్డులు మారే చోటనే ఉంటుందని ఆ దారిన తిరిగేవారికి తెలుసు. పోయిన వేసవిలో, ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన మా మేనల్లుడు స్నేహితులతో కలిసి నా కారులో పాలో డ్యూరో కాన్యన్ చూసి తిరిగి వస్తుండగా, 55 ఉన్న చోట 71లో వెళ్తున్నాడని డీపీఎస్ ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీసు, ఆపి టికెట్టు రాశాడు. టికెట్టు రావడంలో వింతేమీ లేదు. ఆ తరువాత దాన్ని ఎక్కడ వెతకాలి, ఎవరి దగ్గర తేల్చుకోవాలి అన్న దగ్గరే చిక్కంతా వచ్చింది. పెద్ద నగరాల టికెట్ల సంగతి నాకు కొంత తెలిసినా, ఆ తెలిసినది ఇక్కడ దాదాపు ఎందుకూ కొరగాలేదు.

వాడు ఈ సంగతి నాకు వెంటనే చెప్పలేదు. కొద్ది రోజుల తరువాత భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు, "మామయ్యా, కారు ఇన్సూరెన్స్ కార్డు కొత్తది ఎక్కడుంది?" అని అడిగాడు. ఎందుకురా అని కూపీ లాగితే మొత్తం బయటపడింది. వేగానికి ఒక ఆరోపణ, ఇన్సూరెన్స్ ఉన్నట్టు రుజువు చూపించలేదని మరొకటి, రెండూ ఒకే టికెట్టు మీద ఉన్నాయట. టికెట్టు ఏదంటే కారులోనే ఉందన్నాడు. వెళ్ళి చూస్తే డాష్‌బోర్డు మీద, ముందు అద్దం కింద పడి ఉంది. ట్రూపర్లు తమ కారులోని చిన్న ప్రింటరు మీద తీసి ఇచ్చే ఆ కాగితం వేడి తగిలితే రంగు మారే రకం. టెక్సాస్ ఎండకు అద్దం కింద ఉడికి అది ఈ కొస నుంచి ఆ కొస దాకా బూడిద నలుపు తిరిగింది. మడత లోపలికి పోయిన ఒక అంగుళం మేర మాత్రం తెల్లగా మిగిలి, అందులో టికెట్టు నంబరులోని చివరి అంకెలు కొన్ని, వీడి సంతకంలో సగం కనబడుతున్నాయి. కోర్టు పేరు, అక్కడ హాజరు కావలసిన గడువు ఉండే కింది భాగంలో ఒక్క అక్షరం మిగలలేదు.

వాడి ధీమా వేరే. "మన దగ్గర ఈ-చలానా లాగే ఆన్‌లైన్‌లో బండి నంబరు కొడితే వచ్చేస్తుంది కదా మామయ్యా, కొన్నాళ్ళు ఆగితే డిస్కౌంటు కూడా ఇస్తారేమో" అన్నాడు. హైదరాబాదులో పెరిగిన పిల్లవాడు అలా అనుకోవడంలో తప్పు లేదు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగు చలానాల మీద 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు, ఆగినవాడే బాగుపడ్డాడు. ఆ చలానా బండికి అంటుకుని ఉంటుంది, బండి నంబరు కొట్టగానే ఫొటోతో సహా కనబడుతుంది. టెక్సాస్‌లో పోలీసు ఆపి రాసిన టికెట్టు బండికి కాక నడిపిన మనిషికి, వాడి డ్రైవింగ్ లైసెన్సుకు అంటుకుంటుంది. నా బండి నంబరుతో ఎక్కడ వెతికినా ఏమీ రాదు. పైగా అది జరిమానా చీటీ కాదు, చిన్నదే అయినా ఒక క్రిమినల్ కేసు. క్లాస్ సీ మిస్‌డిమీనర్ అంటారు. జైలు ఉండదు, జరిమానాతోనే సరి. టికెట్టు మీద పెట్టిన సంతకం నేరం ఒప్పుకున్నట్టు కాదు, ఫలానా తేదీలోగా కోర్టుకు జవాబు చెప్పుకుంటానన్న హామీ. ఆ హామీ తప్పితే అదే మరొక నేరమై దానికి వేరే కేసు నమోదవుతుంది, లైసెన్సు రెన్యూవల్ ఆగిపోవచ్చు, చివరికి వారంటు దాకా వెళ్ళవచ్చు. ఎంత కట్టాలో టికెట్టు మీద సాధారణంగా ఉండదు. ఆ కోర్టును అడిగే తెలుసుకోవాలి.

వీడి స్నేహితుల సలహాలు రెండు రకాలుగా ఉన్నాయి. ఒకరు పట్టించుకోనక్కరలేదన్నారు, మరొకరు వీసా పోతుందని భయపెట్టారు. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను, అంటే వారి వివరాలుండే ప్రభుత్వ డేటాబేసులోని నమోదులను, ఉన్నట్టుండి రద్దు చేసినప్పుడు, ట్రాఫిక్ కేసుల వంటి చిన్న వ్యవహారాలు తప్ప మరేమీ లేనివారు కూడా ఆ జాబితాలో ఉన్నారని వార్తలు వచ్చాయి. కోర్టు దావాల తరువాత ఆ నెలాఖరుకు రికార్డులను పునరుద్ధరించారు కానీ, పిల్లల మనసులో భయం మాత్రం ఉండిపోయింది. ఆ భయంతోనే చాలామంది చేసే పని, ఎంతైనా సరే వెంటనే కట్టేసి చేతులు దులుపుకోవడం. అది ఎందుకు మంచిది కాదో ముందుకు వెళ్ళాక చెబుతాను. కట్టాలన్నా ముందు కేసు ఏ కోర్టులో ఉందో తెలియాలి కదా.

టెక్సాస్‌లో ట్రాఫిక్ టికెట్లన్నిటినీ ఒకచోట వెతుక్కునే వీలు లేదు. ఊరి పోలీసు ఊరి హద్దుల్లో రాసిన టికెట్టు మునిసిపల్ కోర్టుకు వెళ్తుంది. ఊరి బయట హైవే మీద ట్రూపరో షెరిఫ్ డిప్యూటీయో (కౌంటీ పోలీసు) రాసింది ఆ కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కేసుల కోర్టుకు వెళ్తుంది. మన జిల్లాల వంటి కౌంటీలు రాష్ట్రంలో 254 ఉన్నాయి. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో నలభై లక్షలకు పైగా జనం ఉంటే, పశ్చిమాన లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల ప్రకారం 64 మందే ఉన్నారు. పెద్ద కౌంటీని ప్రిసింక్టులనే నాలుగు నుంచి ఎనిమిది భాగాలుగా విభజిస్తారు, ఒక్కొక్క దానికి కోర్టు వేరు. జనాభా 18 వేల లోపైతే కౌంటీ అంతటినీ ఒకే ప్రిసింక్టుగా ఉంచవచ్చు. అంటే ముందు కౌంటీ, ఆ తరువాత ప్రిసింక్టు తేలాలి. ఇందులో ఏది తప్పినా, మనం అడిగిన కోర్టు "అలాంటి కేసేదీ మా దగ్గర లేదు" అని నిజమే చెబుతుంది, మనం కేసే లేదనుకుని నిశ్చింతగా కూర్చుంటాం.

వీడికి గుర్తున్నదల్లా ఆ ముందు ఊళ్ళో పెట్రోలు పోయించుకున్నామన్నది ఒక్కటే. ఆ ఊరున్న కౌంటీ కోర్టుకు ఫోను చేయిస్తే, ఆ పేరుతో ఏమీ లేదన్నారు. 287 మీద కౌంటీలు చిన్నవి, అరగంటకు ఒకటి మారిపోతుంది. హద్దు దగ్గర ఒక ఆకుపచ్చ బోర్డు తప్ప వేరే ఆనవాలు ఉండదు. అప్పుడు నాకు వీళ్ళ ఫోన్లు గుర్తుకొచ్చాయి. బండిలో ఉన్న ఒకమ్మాయి ఫోనులో గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంది. ఆ రోజు తీసి చూస్తే, 287 వెంట సాగిన నీలి గీత రెండు ఊళ్ళ నడుమ ఒకచోట పావుగంటకు పైగా కదలకుండా నిలబడి ఉంది. అక్కడ పెట్రోలు బంకు లేదు, హోటలు లేదు. రోడ్డు పక్కన వీళ్ళను ఆపిన చోటు అదే. ఆ చుక్కను పెద్దది చేసి చూస్తే కౌంటీ హద్దు దాటి తూర్పు వైపు మూడు మైళ్ళ లోపల ఉంది. పెట్రోలు పోయించుకున్నది ఒక కౌంటీ, టికెట్టు రాసింది పక్క కౌంటీ. ఈ రెండిటి పేర్లూ ఇక్కడ అవసరం లేదు. ఆ దారిలో ఏ రెండు కౌంటీల మధ్యనైనా ఇలాగే జరగవచ్చు.

కౌంటీ పేరు తెలిసింది కదా అని ఇంటర్నెట్టులో వెతికితే మొదట వచ్చినవన్నీ ప్రైవేటు వెబ్‌సైట్లు. "మీ టికెట్టు ఇక్కడ వెతకండి, ఇక్కడే కట్టండి" అని కౌంటీ పేరునూ కోర్టు బొమ్మనూ పెట్టుకుని, లైసెన్సు నంబరూ పుట్టినతేదీ అడుగుతాయి. వాటికీ కోర్టుకూ ఏ సంబంధమూ లేదు. 2025లో వాహనాల రిజిస్ట్రేషన్లు చూసే టెక్సాస్ డీఎంవీ శాఖ పేరుతో "మీ ట్రాఫిక్ టికెట్టు బాకీ ఉంది, ఈ లింకు మీద కట్టండి" అని దొంగ మెసేజీలు విపరీతంగా వచ్చాయి. డీఎంవీ అలాంటి మెసేజీలు పంపదని ఆ శాఖ స్వయంగా ప్రకటించింది కూడా. మా వాడికీ అలాంటిదొకటి వచ్చి ఉంది, ఇదే కాబోలని దాచుకున్నాడు. అసలు కౌంటీ వెబ్‌సైటును కనిపెట్టడం కష్టమేమీ కాదు. అది సాదాసీదాగా, పాత కోర్టు భవనం ఫొటోతో, వెతికే సౌకర్యమేమీ లేకుండా, ఒక ఫోను నంబరూ పోస్టాఫీసు బాక్సు నంబరూ మాత్రమే చూపిస్తూ ఉంటుంది.

ఆ నంబరుకు పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య చేస్తే ఎవరూ ఎత్తరు, ఎందుకంటే ఆఫీసులో ఉన్నది ఒక్క క్లర్కు, ఆవిడ భోజనానికి ఇంటికి వెళ్తారు. నేను మాట్లాడబోతే ఆవిడ మర్యాదగానే ఆపి, కేసు ఎవరి పేరున ఉందో వారే మాట్లాడాలన్నారు. ఆ మాట న్యాయమైనదే. వకీలు కానివాడు మరొకరి తరఫున కోర్టుతో వ్యవహారం నడపకూడదు. ఫోను వాడి చేతికిచ్చి నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు పేరు దగ్గర ఆగిపోయింది. వాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు రెండు ముక్కలు, అసలు పేరు మరో రెండు ముక్కలు. అమెరికాలో ఏది ముందో ఏది వెనుకో ఎవరికి తోచినట్టు వారు ఎక్కిస్తారు. ఆవిడ చివరి ముక్కతో వెతికారు, మొదటి ముక్కతో వెతికారు, దొరకలేదు. వీడు అక్షరాలు చెబుతూ "బీ ఫర్ బాంబే, వీ ఫర్ వైజాగ్" అంటుంటే అవతల కాసేపు నిశ్శబ్దం. పుట్టినతేదీ కూడా అలవాటు కొద్దీ రోజు ముందు, నెల తరువాత చెప్పాడు. నేను కాగితం మీద "లైసెన్స్ నంబరు" అని రాసి చూపించాను. ఆ ఎనిమిది అంకెలు చెప్పగానే ఆవిడ, "మనిషి దొరికాడు కానీ ఇన్సూరెన్స్ కేసు ఒక్కటే ఎక్కింది, వేగం కేసు ఇంకా ఎక్కలేదు" అన్నారు. ఒకే టికెట్టు మీది రెండు ఆరోపణలు కోర్టులో రెండు కేసులు, రెండు నంబర్లు. ఒకటి తీర్చుకుని రెండోది మరిచిపోయేవారు చాలామంది ఉంటారట.

జవాబు చెప్పవలసిన గడువు ఎప్పుడని అడిగితే వచ్చే వారమే. కేసు ఎక్కలేదన్న కారణంతో గడువు ఆగదు. ఫోను మాటలకు రుజువు ఉండదు కనుక నేను సెలవు పెట్టి, వాడిని వెంటబెట్టుకుని ఆ ఊరికే వెళ్ళాను. ఇర్వింగ్ నుంచి దాదాపు నాలుగు గంటల దారి. కోర్టు అంటే గుమ్మటం ఉన్న పెద్ద భవనంలో ఉంటుందనుకున్నాం. జస్టిస్ ఆఫ్ ది పీస్ ఆఫీసు దానికి వెనుక వీధిలో, కార్ల రిజిస్ట్రేషన్లు చూసే ఆఫీసు పక్కన రెండు గదుల్లో ఉంది. గోడ మీద హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు షెడ్యూలు, కౌంటరు మీద పెళ్ళి చేయించుకోదలచినవారికి సూచనలు ఉన్న కాగితం, దాని పక్కనే టికెట్ల దరఖాస్తులు. జడ్జి లేరు, హైవే మీద ఎవరో చనిపోతే ఇన్‌క్వెస్టుకు వెళ్ళారన్నారు. మెడికల్ ఎగ్జామినర్ లేని చిన్న కౌంటీలలో మరణ కారణం నిర్ధారించే పని కూడా ఈ జడ్జిదే. పెళ్ళిళ్ళు చేయడం, చిన్న దావాలు, ఇల్లు ఖాళీ చేయించే కేసులు, టికెట్లు అన్నీ ఆయనే చూస్తారు. నాలుగేళ్ళకు ఒకసారి ఎన్నికలలో గెలిచి వచ్చే ఈ జడ్జి న్యాయశాస్త్రం చదివి ఉండాలన్న నియమం లేదు. మన మండలంలో తహశీల్దారు చేతిలో అన్ని పనులూ ఉన్నట్టే ఇక్కడ ఈయన చేతిలో ఉన్నాయి.

పల్లెటూరి కోర్టులు బయటివాళ్ళ జేబులు కొట్టడానికే ఉన్నాయని మనవాళ్ళలో ఒక అభిప్రాయం ఉంది. ఆ దారిలోని కొన్ని ఊళ్ళకు ఆ పేరు ఊరికే రాలేదు. అయితే అయిదు వేల లోపు జనాభా ఉన్న ఊరు ఇలాంటి జరిమానాల నుంచి తన దగ్గర ఉంచుకోగల మొత్తానికి రాష్ట్ర చట్టం ఒక గీత గీసింది. ఫెడరల్ నిధులూ ఈ జరిమానాలూ పోగా అంతకు ముందు ఏడాది ఆ ఊరికి వచ్చిన ఆదాయంలో 30 శాతం దాటినదంతా దాదాపుగా రాష్ట్ర ఖజానాకే వెళ్తుంది. మా మటుకు మాకు ఆ క్లర్కుగారి వంటి సాయం నగరంలో ఎన్నడూ దొరకలేదు. మేము అక్కడుండగానే ఆవిడ ట్రూపర్ల దగ్గర నుంచి కొత్తగా వచ్చిన టికెట్ల కట్ట తెరిచి, అందులో వీడిది వెతికి, మా ఎదుటే ఎక్కించి కేసు నంబరు చేతికిచ్చారు.

ఇక ఎలా తేల్చుకోవాలన్న ప్రశ్న. చెప్పిన మొత్తం కట్టేస్తే అయిపోతుంది, కానీ చట్టం దృష్టిలో అది నేరం ఒప్పుకుని శిక్ష అనుభవించినట్టు. ఆ తీర్పు డ్రైవింగ్ రికార్డులోకి ఎక్కుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ చూస్తుంది. విచారణ కావాలనవచ్చు, ఇంత చిన్న కేసుకు కూడా ఆరుగురు జ్యూరీ సభ్యులను కూర్చోబెట్టమని అడిగే హక్కు టెక్సాస్‌లో ఉంది. డిఫర్డ్ డిస్పొజిషన్ అని జడ్జి ఇష్టం మీద ఆధారపడిన మరొక దారి ఉంది, అందులో కొంతకాలం మరో టికెట్టు రాకుండా ఉంటే కేసు కొట్టివేస్తారు. వేరే రాష్ట్రం లైసెన్సుతో నడిపేవారికి ముఖ్యంగా పనికివచ్చేది ఇదే. మాకు అన్నిటికన్నా అనువైనది డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు, అది పూర్తి చేస్తే కేసు కొట్టివేస్తారు. షరతులకు లోబడి ఉంటే ఇది జడ్జి దయ కాదు, హక్కు. టెక్సాస్ లైసెన్సు ఉండాలి, విద్యార్థులకిచ్చే పరిమిత కాలపు లైసెన్సు అయినా ఫరవాలేదు. ఇన్సూరెన్స్ చూపించాలి. గడిచిన 12 నెలల్లో ఇలాగే కోర్సు చేసి మరో టికెట్టు కొట్టివేయించుకుని ఉండకూడదు. వేగం పరిమితి కన్నా 25 మైళ్ళో అంతకు మించో ఎక్కువ ఉండకూడదు, 95 మైళ్ళకు చేరి ఉండకూడదు. పనివాళ్ళున్న రోడ్డు మరమ్మతు ప్రాంతంలో జరిగి ఉండకూడదు. కమర్షియల్ లైసెన్సు ఉన్నవారికి ఈ వీలు లేదు. అన్నిటికీ మించి, గడువు తేదీ లోపలే అడగాలి. గడువు దాటితే హక్కు పోయి జడ్జి ఇష్టంగా మారుతుంది. నేను ఆదరాబాదరాగా ఆ ఊరికి పరుగెత్తడానికి కారణం ఈ ఒక్క నియమమే. వెళ్ళలేనివారు గడువు లోపల పోస్టు ముద్ర పడేలా, అందినట్టు రసీదు తిరిగి వచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లో దరఖాస్తు పంపినా చెల్లుతుంది.

దరఖాస్తులో "గిల్టీ" అనో "నో కాంటెస్ట్" అనో టిక్కు పెట్టాలి. రెండోది పెడితే నేరం చేశానని ఒప్పుకున్నట్టు కాదు, వాదించదలచుకోలేదని చెప్పినట్టు. తరువాత ఎవరైనా నష్టపరిహారం దావా వేస్తే దాన్ని మన మీద సాక్ష్యంగా వాడలేరు. మా వాడు అదే పెట్టాడు. "ఒప్పుకోవడం ఎందుకు, 71 అన్నది నిజమో కాదో" అని గొణిగాడు. "నిజమో కాదో తేల్చుకోవాలంటే జ్యూరీ వస్తుందిరా, నీ సెమిస్టరు పోతుంది" అన్నాను. కోర్టు ఖర్చులూ, కోర్సు అనుమతికి పది డాలర్లూ కలిపి 144 డాలర్లు అయ్యాయి. వ్యక్తిగత చెక్కు తీసుకోబోమన్నారు. మనీ ఆర్డరు గాని, కార్డు గాని కావాలి. కార్డయితే మధ్యలో ఉండే పేమెంటు కంపెనీ పైన కొంత తీసుకుంటుంది.

ఇన్సూరెన్స్ కేసు నా మీద కూడా ఆధారపడి ఉంది, ఎందుకంటే పాలసీ నాది. టెక్సాస్‌లో ట్రూపరు కారు నంబరు కొట్టగానే ఇన్సూరెన్స్ ఉందో లేదో టెక్సాస్‌ష్యూర్ అనే డేటాబేసు చెబుతుంది. నేను ఆ మధ్యే కంపెనీ మార్చాను, ఆ సమాచారం అప్పటికి అందులో చేరినట్టు లేదు. వీడి దగ్గర ఉన్నది పాత కార్డు. ఆ ఆరోపణ రుజువైతే మొదటిసారికే 175 నుంచి 350 డాలర్ల దాకా జరిమానా. అయితే ఆపిన సమయానికి చెల్లుబాటులో ఉన్న పాలసీ ఉందని చూపిస్తే కోర్టు ఆ కేసు కొట్టివేయాలి. ఇక్కడ కార్డు ఒక్కటీ చాలదు. కార్డు మీద పాలసీ మొదలైన తేదీ ఉంటుంది కానీ, ఆ రోజుకు రద్దు కాకుండా ఉందని అది చెప్పదు. కంపెనీకి ఫోను చేసి, ఆ తేదీకీ ఆ కారుకూ పాలసీ అమలులో ఉందని, వీడు అందులో డ్రైవరుగా నమోదై ఉన్నాడని ఒక ఉత్తరం తెప్పించుకుని వెంట తీసుకువెళ్ళాను. క్లర్కుగారు అక్కడి నుంచే కంపెనీకి ఫోను చేసి సరిచూసుకున్నారు. జడ్జి సంతకం అయ్యాక కొట్టివేసిన ఉత్తర్వు పోస్టులో పంపుతామన్నారు. దానికి పైసా కట్టలేదు.

కోర్సుకు 90 రోజుల గడువు ఇచ్చారు. ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు, ఆరు గంటలు పడుతుంది, రాష్ట్రం ఆమోదించిన కోర్సయి ఉండాలి. చట్ట ప్రకారం రుసుము కనీసం 25 డాలర్లు. మధ్యమధ్యలో ప్రశ్నలు అడుగుతూ, మనిషి తెర ముందే ఉన్నాడో లేదో చూస్తూ ఉంటుంది. పేజీలు గబగబా తిప్పేస్తానంటే కుదరదు. వాడు రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేశాడు. దానికన్నా తిప్పలు పెట్టినది డ్రైవింగ్ రికార్డు. కోర్సు సర్టిఫికెట్టుతో పాటు, లైసెన్సులు కూడా చూసే ఆ డీపీఎస్ శాఖే ఇచ్చే ధ్రువీకరించిన రికార్డు కూడా కోర్టుకు ఇవ్వాలి. అందులో చాలా రకాలున్నాయి. కోర్టుకు కావలసినది 3ఏ రకం, పది డాలర్లు. చౌకగా ఉందని వేరే రకం తీసుకుంటే కోర్టు తిప్పి పంపుతుంది. ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే లైసెన్సు నంబరు, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలు, కార్డు మీద "డీడీ" అన్న అక్షరాల పక్కన ఉండే ఆడిట్ నంబరు అడుగుతారు. క్యాంపస్ ఉద్యోగం పుణ్యమా అని వీడికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంది కనుక సరిపోయింది. ఆడిట్ నంబరు కార్డు మారినప్పుడల్లా మారుతుంది కాబట్టి, ఫోనులో దాచుకున్న పాత కార్డు ఫొటో చూసి కొట్టకూడదు.

ఈ పనుల మధ్యలో చిరునామా వ్యవహారం బయటపడింది. లైసెన్సు మీద వీడు నిరుడు ఖాళీ చేసిన అపార్టుమెంటు చిరునామా ఉంది. టెక్సాస్‌లో హాజరు తప్పినవారి మీద వారంటు ఇచ్చే ముందు కోర్టు ఒక నోటీసు పంపి మరొక అవకాశం ఇవ్వాలి. ఆ నోటీసు వెళ్ళేది కోర్టు దగ్గరున్న చిరునామాకు, అంటే సాధారణంగా లైసెన్సు మీది చిరునామాకే. మూడు నాలుగు గదులు మారే మన విద్యార్థులలో ఎంతమందికి ఆ ఉత్తరం చేరుతుందో ఊహించుకోవచ్చు. ఇల్లు మారిన 30 రోజుల్లోగా లైసెన్సు మీద మార్పించుకోవాలన్నది చట్టం. అదృష్టవశాత్తూ ట్రూపరు దాని మీద మూడో ఆరోపణ రాయలేదు. కోర్టు దరఖాస్తులో ప్రస్తుత చిరునామా గడిలో మా ఇంటి చిరునామా రాయించి, డీపీఎస్ వెబ్‌సైటులో వాడి చేతనే లైసెన్సు చిరునామా కూడా మార్పించాను. అయితే రికార్డు తీసుకున్న తరువాతే ఆ పని చేయించాను, కొత్త కార్డు వస్తే ఆడిట్ నంబరు మళ్ళీ మారుతుంది కదా.

చివరి మెట్టు ప్రమాణపత్రం. ఆ కోర్సు నేనే చేశాను, గడిచిన 12 నెలల్లో ఈ సౌకర్యం మళ్ళీ వాడుకోలేదు అని నోటరీ ఎదుట సంతకం చేయాలి. మా బ్యాంకులో ఖాతాదారులకు నోటరీ ఉచితం. సర్టిఫికెట్టులో కోర్టు ప్రతి, ఇన్సూరెన్స్ ప్రతి అని రెండు ఉంటాయి. కోర్టు ప్రతి, 3ఏ రికార్డు, ప్రమాణపత్రం మూడూ ఒకే కవరులో, ప్రతి కాగితం మీదా కేసు నంబరు రాసి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాం. కవరు అందినట్టు పచ్చ రంగు రసీదు కార్డు తిరిగి వచ్చింది కానీ, ఆ తరువాత కొన్ని వారాలు ఏ కబురూ లేదు. ఫోను చేస్తే జడ్జి సంతకానికి ఉందన్నారు. మళ్ళీ చేస్తే సంతకం అయిందన్నారు. నగరంలో అయితే ఈపాటికి ఆన్‌లైన్‌లో కనబడేది. ఇక్కడ అడిగితేనే తెలుస్తుంది. అడగడానికి మొహమాటపడితే తెలియదు.

రెండు కేసులకూ వేరువేరుగా, కేసు నంబరూ "డిస్మిస్డ్" అన్న మాటా జడ్జి సంతకమూ ఉన్న ఉత్తర్వులు కావాలని ప్రత్యేకంగా అడిగి తెప్పించుకున్నాను. అమెరికా పౌరసత్వం దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టు అయ్యారా అన్న దగ్గరే సైటేషన్, అంటే ఇలాంటి టికెట్టు, ఎప్పుడైనా వచ్చిందా అని కూడా అడుగుతారు. అది వీడికి ఎన్నో ఏళ్ళ తరువాతి మాట కావచ్చు, అప్పటికి ఆ రెండు గదుల ఆఫీసులో ఈ కాగితం వెతికించుకోవడం కన్నా ఇప్పుడు దాచుకోవడం తేలిక. వీడి చేత డ్రైవింగ్ రికార్డు ఇంకొకసారి తీయించి చూశాను. కోర్సు పూర్తి చేసినట్టు ఒక పంక్తి ఉంది, నేరం రుజువైనట్టు ఏమీ లేదు, ఇన్సూరెన్స్ కేసు ఊసే లేదు. సర్టిఫికెట్టులోని రెండో ప్రతిని నా ఇన్సూరెన్స్ ఏజెంటుకు పంపాను. కోర్సు చేసినందుకు పాలసీ మీద డిస్కౌంటు సంగతి చూసి చెబుతానన్నాడు.